‘పక్కింటావిడకు చెప్పొద్దు’ అంటున్నారు మా నాయన

ఈ వారం ఉత్తరం వచ్చింది ఇంగ్లాండులోని డార్బీ నుంచి. రాసినావిడ నెల్లూరు జిల్లా ఆడపడుచు, అక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం. పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

వాళ్ల పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. భర్త రైల్వేలో చేసి రిటైరైన మనిషి, కిందటేడు పోయారు. ఇంటి అటక మీద ఆయనకు బొమ్మ రైళ్ల లేఅవుట్ (పట్టాల ఏర్పాటు) ఉండేది. మనవాళ్ల ఎనిమిదేళ్ల పిల్లాడికి రైలు నడపడం నేర్పింది ఆయనే. ఆయన పోయిన కొన్నాళ్లకు ఆవిడ ఒక అట్టపెట్టె తెచ్చి ‘ఇవి నీ దగ్గరుంటే నడుస్తాయి, నా దగ్గరుంటే దుమ్ము పడతాయి’ అని పిల్లాడి చేతికిచ్చారు. అందులో రెండు ఇంజన్లు. ఒకటి ట్రైయాంగ్ కంపెనీ ‘జింటీ’, నల్లటి ట్యాంకు ఇంజన్ (నీళ్ల ట్యాంకు తన మీదే మోసే స్టీము ఇంజన్) బొమ్మ. పదేళ్ల వయసులో ఆయనకు పుట్టినరోజుకు వచ్చింది. ఛాసిస్ (చక్రాలు, మోటారు బిగించే కింది దిమ్మె) అడుగున ఆయనే మేకుతో తన పొడి అక్షరాలు, ‘1956’ అని గీసుకున్నారు.

ఇంజన్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. వేసవికి ఈవిడ తండ్రి బిట్రగుంట నుంచి వచ్చారు. ఆయన అక్కడి స్టీము లోకో షెడ్డులో ఫిట్టరు, తరవాత విజయవాడ డీజిల్ షెడ్డుకు మారి అక్కడే రిటైరయ్యారు. ‘వీల్ సెట్టు దించి చూస్తే తెలిసిపోద్ది’ అని ఒక మధ్యాహ్నం అందరూ ఉద్యోగాలకు వెళ్లాక పేపరు పరిచి కూర్చున్నారు. సాయంత్రానికి మూడు ఇరుసుల్లో రెండు బయట ఉన్నాయి, ఒక చక్రంలోని నల్ల బుష్ (ఇరుసు దూరే చిన్న తొడుగు) చీలింది, మోటారు ముక్కలుగా ఉంది. రాత్రంతా అలాగే వదిలేసి, మర్నాడు మళ్లీ బిగించారు. ఇప్పుడు చక్రాలు ఒక్కో చుట్టులో రెండుచోట్ల పట్టేస్తున్నాయి. పట్టాల మీద పెడితే కదలదు, మోటారు బాగా వేడెక్కిపోతోంది.

ఇంకో మూడు వారాల్లో పక్కింటాయన సంవత్సరీకం. ఆవిడ కొడుకులు వస్తున్నారు. ఆ రోజు అటక మీద జింటీని పిల్లాడే నడపాలని ఆవిడ కోరిక. నాయన ‘ఆవిడకు చెప్పొద్దు, నేనే బాగుచేస్తా’ అని కూతురి చేత మాట తీసుకున్నారు, కానీ వారం రోజులుగా ఇంజన్ వైపు చూడటం లేదు, అన్నానికి కూడా పిలిస్తేనే వస్తున్నారు. ‘నాయన చేతులు వణుకుతున్నాయి, ఆ సంగతి ఆయన ఒప్పుకోడు’ అని ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో రాశారు. భర్తది వేరే సలహా: ఆన్‌లైన్‌లో ఇలాంటి ఇంజన్లు ముప్పై నలభై పౌన్లకు దొరుకుతాయి, ఒకటి కొని దాని ఛాసిస్ మీద మన ఇంజన్ పైభాగం బిగించేద్దాం, ఆవిడకేం తెలుస్తుంది? ‘నేను నాయనకిచ్చిన మాట నిలబెట్టాలా, ఆవిడకు నిజం చెప్పాలా, మా ఆయన చెప్పినట్టు చెయ్యాలా?’ అన్నది ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో రెండు ముళ్లున్నాయి. ఇంజన్‌ది ఒకటి, నాయనది ఇంకొకటి. మీరు రెండోదాని గురించి అడిగారు. నేను మొదటిదాంతో మొదలుపెడతాను. ఇంజన్ బాగయ్యేదా కాదా అన్నది తెలియకుండా ఎవరికి ఏం చెప్పాలన్నా చీకట్లో మాట్లాడినట్టే. నలభై ఏళ్లుగా ఈ పాత రైలు బొమ్మలు విప్పి బిగించే పిచ్చి నాకుంది కాబట్టి చెబుతున్నాను: మీ జింటీ బాగయ్యేదే, దాదాపు ఖాయంగా.

ముందొక సంగతి మీ నాయనగారికి చదివి వినిపించండి. ఆయన చేసిన రెండు పొరపాట్లూ పని రానివాడు చేసేవి కావు. పెద్ద పని బాగా వచ్చినవాడే అవి చేస్తాడు. అసలు ఇంజన్‌లో ఇరుసు, దాని మీది రెండు చక్రాలు కలిసే ఉంటాయి. ఇంజన్‌ని పైకెత్తితే ఆ సెట్టు మొత్తం గైడుల్లోంచి కిందికి దిగుతుంది. చక్రాన్ని ఇరుసు నుంచి విడదీయాలంటే వర్క్‌షాపులో హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి, షెడ్డులో ఎవరూ ఆ పని చేయరు. ట్రైయాంగ్ వాళ్లు అలా కట్టలేదు. ఇరుసులు ఛాసిస్ దిమ్మెలోని గుండ్రటి రంధ్రాల్లోంచి అడ్డంగా దూరి వెళతాయి. చక్రం ఊడదీస్తే తప్ప ఇరుసు బయటికి రాదు. ఆయన వీల్ సెట్టు దించాలనుకున్నారు, ఇక్కడ దిగేది లేదు, అందుకని తట్టారు. అలా తట్టడంతోనే బుష్ చీలింది.

రెండోది మోటారు. డీజిల్ షెడ్డులో ట్రాక్షన్ మోటారు విప్పిన చెయ్యి అది. ఆ మోటార్లలో అయస్కాంతం కరెంటుతో పుడుతుంది, తీగచుట్టల్లో. ఆర్మేచరు (మోటారు లోపల తిరిగే భాగం) బయటికి తీసి నెల రోజులు పక్కన పెట్టినా నష్టమేమీ లేదు. జింటీలో ఉండే మోటారుది శాశ్వత అయస్కాంతం, ఆ కాలపు ఆల్నికో రకం. దాని రెండు ధ్రువాల మధ్య ఎప్పుడూ ఇనుము ఉండాలి. ఆర్మేచరు తీసేసి, ఆ ఖాళీలో వేరే ఇనుప ముక్క అడ్డం పెట్టకుండా ఉంచితే బలం తగ్గిపోతుంది. ఒక రాత్రి అలాగే ఉంది కాబట్టి కొంత తగ్గే ఉంటుంది. మోటారు వేడెక్కడానికి సగం కారణం అదే కావచ్చు, మిగతా సగం పట్టేస్తున్న చక్రాలు. ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. నాకూ మొదటి మోటారు పాడయ్యాకే తెలిసింది.

ఇక ఆ పట్టేయడం. ఇది మాత్రం మీ నాయనకు మీకంటే నాకంటే బాగా తెలిసిన విషయం, కాకపోతే ఈ సైజులో ఎప్పుడూ చూడలేదు. ఒక వైపు చక్రం మీద కప్లింగ్ రాడ్ (ఒక పక్క చక్రాలన్నింటినీ కలిపే కడ్డీ) పిన్ను పన్నెండు గంటల దగ్గరుంటే, అదే ఇరుసుకు రెండో వైపు చక్రం మీద పిన్ను మూడు గంటల దగ్గరో తొమ్మిది గంటల దగ్గరో ఉండాలి. 90 డిగ్రీల తేడా. పెద్ద ఇంజన్‌లో ఒక పక్క పిస్టన్ చివరికొచ్చి చచ్చిపోయిన చోట రెండో పక్కది మధ్యలో ఉండి తోస్తుంది, అందుకే ఇంజన్ ఎక్కడ ఆగినా అక్కడినుంచి కదలగలుగుతుంది. బొమ్మలో పిస్టన్ తొయ్యదు, మోటారు ఒక్క ఇరుసునే తిప్పుతుంది, మిగతా రెండింటినీ రాడ్లు లాక్కెళతాయి. ఆ తేడా లేకపోతే రాడ్లు సరళరేఖలోకి వచ్చిన చోట వెనక చక్రానికి ఎటు తిరగాలో తెలియక ఇరుక్కుపోతుంది. చుట్టుకు రెండుచోట్ల అంటున్నారు కదా, అచ్చంగా ఇదే.

ఇక్కడ మీకు కలిసొచ్చింది ఒకటుంది. మూడో ఇరుసును ఆయన ముట్టుకోలేదు. ఈ పనిలో సరిగ్గా 90 ఉండాలన్న పట్టింపు లేదు. 88 అయినా 92 అయినా నడుస్తుంది. కావాల్సిందల్లా మూడు ఇరుసులకూ ఒకే తేడా. కాబట్టి ముట్టని ఆ ఇరుసే మీకు కొలబద్ద. దాని రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి. అంతే వెడల్పున గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి కోసుకోండి. మిగతా రెండు ఇరుసుల చక్రాలూ ఆ ముక్క దూరేంత ఎడంగా, వంకర లేకుండా కూర్చోవాలి.

చేయాల్సిన వరస ఇది. ముందు మోటారు తీసి పక్కన పెట్టాలి. అది బిగించి ఉన్నంతసేపు చక్రాన్ని వేలితో తిప్పినా తిరగదు, మోటారుకు ఉండే మర లాంటి వర్మ్ గేరు పట్టుకుంటుంది. ఎక్కడ పట్టేస్తోందో అప్పుడు తెలియదు. (పట్టకారుతో బలవంతంగా తిప్పితే గేరు పళ్లు పోతాయి, అది మరో ఉత్తరం అవుతుంది.) మోటారు లేని ఛాసిస్‌ని అద్దం ముక్క మీద పెట్టి వేలితో మెల్లగా తోయండి. పట్టేసిన చోట ఆపి, రెండు పక్కలా ఒక్కో ఇరుసు పిన్నులు విప్పి చూడండి. ఏ ఇరుసు పిన్నులు విప్పితే మిగతావి హాయిగా తిరుగుతాయో, దోషం దానిలో ఉంది. మీ ఇంజన్‌లో ఆ రెండూ కావచ్చు, లేదా బుష్ చీలిన ఇరుసు ఒక్కటే కావచ్చు.

రాడ్ల రంధ్రాలను ఆకురాయితో కాస్త పెద్దవి చేస్తే పట్టేయడం పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, పోతుంది. ఇంజన్ కుంటుతుంది కూడా. మళ్లీ చిన్నవి చేయలేం. వద్దు.

చీలిన బుష్ విషయంలో తొందరపడి సూపర్ గ్లూ వాడొద్దు. చక్రాన్ని సరైన కోణంలో తిప్పేలోపే అది పట్టేసుకుంటుంది. రెండు ట్యూబులు కలిపి వాడే నిదానపు ఎపాక్సీ, ఒక రోజంతా తీసుకునే రకం, మీకు కావాల్సింది. సూది మొనతో బుష్ లోపల మాత్రమే రాయాలి, ఇరుసు మీద ఛాసిస్ రంధ్రం దాకా పారకూడదు. రాడ్లు బిగించి, అద్దం మీద ఓ పదిసార్లు ముందుకూ వెనక్కూ తోసి, ఎక్కడా పట్టడం లేదని చూసుకుని, ఆ స్థితిలో వదిలేయాలి. ఆ రోజు మళ్లీ చెయ్యి వేయకూడదు. ఎవరికైనా కష్టంగా ఉండేది ఇదొక్కటే.

ఒకవేళ బుష్ అతకనంత పాడైతే, అదే రకం పాత చక్రాల జత విడిగా దొరుకుతుంది. చక్రం మార్చినా గీతలున్న దిమ్మె అలాగే ఉంటుంది, ఆ సంగతికి తరవాత వస్తాను.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఈ ఇంజన్‌లో ఒక వైపు చక్రాలు నేరుగా ఇరుసుకూ ఛాసిస్‌కూ కరెంటు అందిస్తాయి. రెండో వైపు చక్రాలకూ ఇరుసుకూ మధ్య ఇన్సులేషన్ ఉంటుంది, వాటినుంచి పలుచటి రేకులు కరెంటును మోటారుకు చేరుస్తాయి. ఆ చీలిన నల్ల బుష్ పని ఇదే. ఇరుసును అటూ ఇటూ మార్చి పెడితే పట్టాల మీద షార్టు. మల్టీమీటరుతో ఒక్కో చక్రానికీ ఛాసిస్‌కూ మధ్య చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. రెండోది మోటారు బ్రష్షుల (తిరిగే భాగానికి ఆని కరెంటు అందించేవి) స్ప్రింగు. దాని ఒక కాలికి చిన్న ఇన్సులేషన్ గొట్టం తొడిగి ఉంటుంది, బియ్యపు గింజంత. విప్పేటప్పుడు అది జారిపోతుంది, ఎవరూ చూడరు. ఒకసారి నాకు ఇలాగే జారింది. బిగించి కంట్రోలరు తిప్పాను, బల్లమీద పొగ లేచింది, మా ఇంట్లో వారం రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు. మీ నాయన పరిచిన ఆ న్యూస్‌పేపరు పారేయకపోతే, మడతల్లో వెతకండి. లేకపోతే ఏదైనా సన్నటి తీగ మీది తొడుగు కోసి వేసినా సరిపోతుంది.

అయస్కాంతం సంగతి. కుట్టుమిషన్ నూనె అతి సన్నగా, ఒక్కో ఇరుసుకు ఒక్కో చుక్క. మోటారు రెండు చివర్లా ఉండే ఫెల్టు ముక్కలకూ కొంచెం. కమ్యుటేటరు (బ్రష్షులు ఆనే రాగి భాగం) మూడు ముక్కల మధ్య గాడుల్లోని నల్ల మురికి పళ్లపుల్లతో తీసి, స్పిరిట్‌తో తుడిచాక, ఇంజన్‌ని చేత్తో ఎత్తి పట్టుకుని కరెంటివ్వండి. చక్రాలు గిరగిరా తిరుగుతూ వేలు ఆనిస్తే వెంటనే ఆగిపోతున్నాయీ, మోటారు చేయి కాలేట్టుగా అవుతోందీ అంటే అయస్కాంతం బలహీనపడింది. దారులు రెండు. అక్కడ పాత బొమ్మ రైళ్ల సంతలు జరుగుతుంటాయి కదా, మోటారు బిగించి ఉండగానే అయస్కాంతానికి మళ్లీ బలం ఎక్కించే యంత్రం పెట్టుకుని కూర్చునేవాళ్లు అక్కడ కనిపిస్తారు. కొద్ది నిమిషాల పని. లేదా పాత అయస్కాంతం తీసి చిన్న నియోడిమియం అయస్కాంతాలు పెట్టొచ్చు. రెండోదానిలో ఇంజన్‌కి ఎన్నడూ లేనంత బలం వస్తుంది, కానీ నెమ్మదిగా నడపబోతే కుదుపులు కుదుపులుగా వెళుతుంది. నేనైతే మొదటిదే చేస్తాను. రెండోది ఎంచుకుంటే పాత అయస్కాంతాన్ని కవరులో పెట్టి పెట్టెలోనే ఉంచండి.

ఇంత చెప్పాక ఒక చెడ్డ మాట కూడా. ఛాసిస్ దిమ్మె జింకు మిశ్రమంతో పోత పోసింది. ఆ మిశ్రమంలోకి సీసం వంటివి పొరపాటున ఎక్కువ కలిస్తే, కొన్నేళ్లకు లోపలినుంచే తిని, లోహం ఉబ్బి, సన్నటి పగుళ్లు పడి, చివరకు బిస్కెట్టులా విరిగిపోతుంది. తేమ ఉన్నచోట ఇంకా త్వరగా. 1938లో మెకానో కంపెనీ మొదలుపెట్టిన హార్న్‌బీ డబ్లో ఇంజన్లలో, యుద్ధానికి ముందు చేసినవి చాలా ఇలాగే పోయాయి. 1950ల ట్రైయాంగ్‌కు ఆ భయం తక్కువ. అయినా వెలుతురులో భూతద్దం పెట్టి దిమ్మె మూలలు చూడండి. వెంట్రుకవాసి పగుళ్లు, ఉబ్బిన అంచు కనిపిస్తే దానికి మందు లేదు, ఏ జిగురూ పనికిరాదు. అప్పుడు ఛాసిస్ మార్చడం మీ ఆయన సలహా కాదు, గత్యంతరం. పగుళ్లు లేకపోతే, మీకు చేతిలో ఎంపిక ఉన్నట్టే.

ఆ ఎంపిక దగ్గరికే వచ్చాం. మీ ఆయన ఆలోచన తప్పుడు ఆలోచన అని నేను అనను. అందరి మనసూ కాపాడాలని చూస్తున్నాడు, డబ్బు కూడా తక్కువే. కానీ రైల్వే వాళ్ల లెక్కలో ఆయన ప్లాను తలకిందులుగా ఉంది. పైభాగం ఉంచి ఛాసిస్ మారుద్దాం అంటున్నాడు. రైల్వేలో ఇంజన్ అంటే ఫ్రేమే, అంటే ఛాసిస్సే. వర్క్‌షాపుకు వెళ్లిన ఇంజన్ ఒక బాయిలరుతో వెళ్లి మరో బాయిలరుతో తిరిగొస్తుంది, చక్రాలు మారతాయి, క్యాబ్ మారుతుంది, నంబరు మాత్రం ఫ్రేమును అంటిపెట్టుకుని ఉంటుంది. 1923లో డాంకాస్టర్‌లో పుట్టిన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ మీద ఇప్పుడున్నది పుట్టినప్పటి బాయిలర్ కాదు, అయినా అది ఆ ఇంజనే. మీ పక్కింటాయన రైల్వే మనిషి. పదేళ్ల వయసులోనే పేరు గీసుకోవడానికి పైభాగం వదిలేసి ఛాసిస్ అడుగు వెతుక్కున్నాడంటే యాదృచ్ఛికమే కావచ్చు, పైన గీస్తే వాళ్లమ్మ తిడుతుందని కావచ్చు. ఏదైనా ఆ గీతలున్నది అక్కడే. కొడుకుల్లో ఒకడు ఇంజన్‌ని తిరగేసి చూస్తాడు, చిన్నప్పుడు నాన్న చూపించిన గీతల కోసం. అప్పుడు అటక మీద ఎవరి మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందులోనూ మీ పిల్లాడికి అన్నీ తెలుసు. ఎనిమిదేళ్లవాడి చేత రహస్యం మోయించాల్సి వస్తుంది.

పాతదాన్ని దాచేసి మొత్తం కొత్తది పెట్టడం గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ఆవిడకు తెలియకుండా ఎవరైనా రిపేరు చేసేవాళ్లకు పంపించడం ఇంకో దారి. ఇంజన్ నిజంగా బాగవుతుంది, గీతలు అలాగే ఉంటాయి, ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కాదు. ఇందులో నాకు కనిపించే ఇబ్బంది పక్కింటావిడ గురించి కాదు. మీ నాయన ముందు ఆ పార్సిలు కట్టాలి. వారం రోజులుగా ఇంజన్ వైపు చూడని మనిషి, ఇక జన్మలో చూడడు. మూడు వారాల్లో తిరిగొస్తుందన్న నమ్మకమూ లేదు, మంచి పనివాళ్ల దగ్గర వరస పెద్దదే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరూ చెయ్యలేరని తేలితే మాత్రం ఇదే సరైన దారి.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు ఇష్టమైన దారి. కానీ మీరు మాటిచ్చారు. మాట తప్పమని నేను అనలేను. విడిపించమని ఆయన్నే అడగొచ్చు.

ఎలా అంటే, సలహా అడిగినట్టు అడగండి. స్టీము షెడ్డులో డ్రైవరు డ్యూటీ దిగాక ఇంజన్‌లో ఏ లోపముందో రిపేరు బుక్కులో రాస్తాడు, ఫిట్టరు చేసిన పని దాని పక్కన రాసి సంతకం పెడతాడు. మీ నాయన జీవితమంతా అది చేశారు. ఒక నోటుపుస్తకం ఆయన ముందు పెట్టి, ‘నాయనా, ఈ ఇంజన్‌కి బుక్కింగు రాయి’ అనండి. ఇంజన్ పేరు, వచ్చిన లోపం, ఏం విప్పారు, ఏం విరిగింది, ఏం చెయ్యాలి. తెలుగులోనే రాయమనండి. ‘బుష్ విరిగినది’ అని రాయడం ‘నేను విరగ్గొట్టాను’ అని చెప్పడం కంటే తేలిక, ముఖ్యంగా మన మగవాళ్లకు. రాశాక, ‘ఇది ఇంగ్లీషులోకి మార్చి ఆవిడకిస్తాను, ఇంజన్ ఆవిడ భర్తది కదా, బుక్కు చూసే హక్కు ఆవిడకుంటుంది’ అనండి. ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోకపోతే రెండు రోజులు ఆగి, మాట నిలబెట్టుకోవడం మీకెంత కష్టంగా ఉందో ఆయనకే చెప్పండి. ఆవిడ దగ్గరికి మీరొక్కరే వెళ్లి చెప్పేయడం మాత్రం ఆఖరిది, ఆయన తిరుగు ప్రయాణం దగ్గరపడే లోపు ఇంట్లో మాట్లాడుకోవడం కూడా మానేస్తారు.

ఆవిడకు చెప్పేటప్పుడు క్షమాపణలతో మొదలుపెట్టొద్దు. ‘మా నాన్న రైల్వే ఫిట్టరు, మీ ఇంజన్ విప్పారు, ఒక బుష్ చీలింది, గీతలకేమీ కాలేదు, ఇలా బాగుచేద్దామనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా?’ అని అడగండి. గీతల మాట రెండో వాక్యంలోనే రావాలి. ఆవిడ భయపడేది దాని గురించే. ఆ తరవాత ఎంపిక ఆవిడదే. బాగుచేయమనొచ్చు, వేరేవాళ్లకు పంపుదామనొచ్చు, అలాగే ఉండనీ అనొచ్చు. కోపగించుకుని పెట్టె వెనక్కి తీసుకెళ్లొచ్చు కూడా. ఆ అవకాశం లేదని మీకు హామీ ఇవ్వలేను. ఉత్తరంలో మీరు రాసిన ఆవిడ అలాంటి మనిషిలా కనిపించలేదు, అంతే.

చేతులు వణుకుతున్న సంగతి. మీరు ఆ మాట ఎత్తకండి. పని పంచండి, చాలు. సూది మొనతో ఎపాక్సీ రాయడం మీ ఆయన చెయ్యగలడు. అద్దం మీద ఛాసిస్ తోసి ఎక్కడ పట్టేస్తోందో వేలితో పట్టుకోవడం పిల్లాడి పని, వాడి వేళ్లకు మనకు తెలియనంత సన్నటి అడ్డూ తెలుస్తుంది. ఏ పిన్ను విప్పాలి, ఎప్పుడు ఆపాలి, ఇప్పుడు సరిపోయిందా లేదా అన్నది మీ నాయన చెప్పాలి. షెడ్డులో చార్జిమాన్ కూడా పానా పట్టడు కదా.

పెట్టెలోని రెండో ఇంజన్ గురించి ఒక వాక్యం రాశారు: మేమెవ్వరం ముట్టుకోలేదు, దాని చక్రాలూ వంకరగానే తిరుగుతున్నాయి అని. అడుగున ‘మెయిన్‌లైన్’ అని ఉందన్నారు. పాలిటాయ్ కంపెనీ 1976లో మొదలుపెట్టిన శ్రేణి అది. మీరు వర్ణించిన పచ్చటి చిన్న ట్యాంకు ఇంజన్ జె72 అయి ఉంటుంది. 1898 నాటి డిజైను, అసలు రైల్వే వాళ్లు 1951 వరకూ అదే కట్టుకుంటూ పోయారు, పాతదాన్ని వదలకపోవడంలో ఇంగ్లీషువాళ్లు మనకేం తీసిపోరు. ఈ బొమ్మలో ఛాసిస్ నిలువునా రెండు ముక్కలు, ఇరుసు కూడా మధ్యలో రెండు ముక్కలు. కరెంటు ఇరుసుల గుండానే వెళుతుంది. రెండు అర-ఇరుసులనూ కలిపేది ఒక ప్లాస్టిక్ గొట్టం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొట్టం దానంతటదే చీలి, చక్రాల కోణం జారిపోతుంది. దాదాపు అన్నింటికీ వచ్చే జబ్బే ఇది, కొత్త గొట్టాలు విడిగా దొరుకుతాయి. ముందు దీన్ని మీ నాయన ముందు పెట్టండి. ఆయన తప్పు కాని లోపం, ఆయనకు తెలిసిన జబ్బు. జింటీ మీద చెయ్యి వేసే ముందు అలవాటుకు కూడా పనికొస్తుంది.

మూడు వారాలు చాలకపోతే కంగారు పడొద్దు. ఆ రోజు జింటీని పట్టాల మీద నిలబెట్టి, రెండో ఇంజన్ నడిపినా చాలు. అటక మీద ఉన్న పాత పట్టాల మీదే నడపండి. మీ ఇంట్లో పిల్లాడికి కొన్న కొత్త సెట్టు పట్టాల మీద జింటీ పాయింట్ల (పట్టాలు రెండుగా చీలే చోటు) దగ్గర ఎగిరి పడొచ్చు. కొత్త పట్టాలకు చక్రాల వెనక ముఖాల మధ్య 14.4, 14.5 మిల్లీమీటర్లు కావాలి, పాత ట్రైయాంగ్ చక్రాలు అంతకంటే దగ్గరగా ఉంటాయి, వాటి అంచులు కూడా లోతు. దానికోసం చక్రాలు జరపబోవద్దు, ఇప్పుడు అసలే వద్దు.

మోటారు తీసి అద్దం మీద తోశాక, ఏ ఇరుసు దగ్గర ఎన్నిసార్లు పట్టేసిందో, దిమ్మె మూలల్లో ఏమైనా కనిపించిందో రాయండి. రాసేది మీ నాయన అయితే మరీ మంచిది, ఆ బుక్కులో పేజీ ఫోటో తీసి పంపినా చదువుకుంటాను.